కందనకాయలో సగం

మా అత్తగారింట్లో నాటుకోడి కోస్తే కందనకాయ నాది. ఎవరూ రాసిపెట్టిన చట్టం కాదు గానీ, చట్టం కన్నా గట్టిది. పుంగనూరులోని ఆ ఇంటికి నేను పెద్దల్లుణ్ణి. అందులోనూ చాలా ఏళ్లు ఒక్కగానొక్క అల్లుణ్ణి. ఇస్తరాకులో సంగటి ముద్ద పెట్టి, మధ్యలో గుంట చేసి పులుసు పోసి, మా అత్త కుండ అడుగుదాకా గరిటెతో దేవి ఆ ఒక్క తునకనూ పట్టుకొచ్చి నా ముద్ద పక్కన పెట్టేది. "తిను నాయినా" అనేది. ఎనిమిదో తరగతిలో బడి మానేసి, మదనపల్లెలో కాలిపోయిన బోరు మోటార్లకు కాయిల్ చుట్టి బతికేవాడికి అంతకు మించిన మర్యాద ఇంకెక్కడ దొరుకుతుంది? నవ్వేవాళ్లు నవ్వుకోండి.

తొంభైల మొదట్లో ఆ ఇంటికి రెండో అల్లుడు వచ్చాడు. మా ఆవిడ చెల్లెలి మొగుడు, నాకు షడ్డకుడు. పెళ్లయ్యాక మొదటిసారి ఇద్దరం పక్కపక్కన భోజనానికి కూర్చున్నాం. మా అత్త గరిటె తీసుకొచ్చి నా ముందు వంగింది. చూస్తే కందనకాయ సగమే ఉంది. మిగతా సగం పక్క ఆకులో పడింది.

పడితే పడింది, అతను నోట్లో వేసుకుని ఊరుకుంటే పోయేది. ఆ సగాన్ని వేళ్లతో పైకెత్తి వెలుతురుకు పట్టి చూశాడు.

"అన్నా, సముద్రంలో బొంత అని ఒక సేప ఉండాది. దానికీ కోడికున్నట్టే కందనకాయ ఉంటాది. బురద తింటాది గదా, ఆ ఇసకతోనే తిండిని లోపల నూరుకుంటాది."

మా మామ చేయి ముద్దలోనే నిలిచిపోయింది. "సేపకు కందనకాయా!" అన్నాడు. వంటింట్లోంచి ఆడవాళ్లు తలుపు దగ్గరికి వచ్చారు. మా ఆవిడ కూడా వచ్చింది. అన్నేళ్ల కాపురంలో నేను ఏ సంగతి చెప్పినా ఆవిడ వంటింట్లోంచి బయటికి రాలేదు. ఆ రోజు నేను తిన్న సగానికి ఉప్పు లేదు, కారం లేదు.

అతనిది కుప్పం పక్కన గుడుపల్లె వైపు ఊరు. రాగులు, ఉలవలు పండించుకునే ఇల్లు. చేప అంటే వానలు బాగా పడిన ఏడు చెరువు నిండి మరవ దూకి నీళ్లు పొర్లినప్పుడు బుట్టలో పట్టుకునేదే తప్ప వేరే ఎరగని వాళ్లు. కాలేజీలో ఉండగా విహారయాత్రలో మొదటిసారి సముద్రం చూశాడట. అందరూ అలల్లో గంతులేస్తుంటే ఇతను వలల దగ్గర నిలబడి, జాలర్లు పనికిరావని పారేసిన చేపలను ఒక్కొక్కటే తిరగేసి చూస్తూ బస్సు పోగొట్టుకున్నాడట. ఆ పిచ్చితోనే కోస్తాకు పోయి జంతుశాస్త్రం చదివి, చేపల మీద పరిశోధన చేసి, అక్కడే సర్కారు ఉద్యోగంలో చేరాడు. తెల్లవారుజామున రేవుకు పోయి చేపలు కొలవడం, కడుపు కోసి అవి ఏం తిన్నాయో చూడడం, అప్పుడప్పుడు ఓడెక్కి పోయి వారాల తరబడి సముద్రం మీదే ఉండడం అతని పని. చేప వయసు చెప్పడం అందులో ప్రత్యేకత.

ఈ ఉద్యోగం ఏమిటో పుంగనూరులో ఎవరికీ అర్థం కాలేదు. మా ఆవిడ వాళ్ల అవ్వ ముసలిదే గానీ నోరు చురుకైనది. "మా మనవరాలి మొగునికి సముద్రంలో ఉజ్జోగం" అని వీధిలో చెప్పుకునేది.

"యా సముద్రమవ్వా? పెద్దతిప్పసముద్రమా, సిన్నతిప్పసముద్రమా?" అని అడిగేవాళ్లు వీధిలోవాళ్లు.

వాళ్ల తప్పేమీ లేదు. మా సీమలో రాజులు కట్టించిన ప్రతి పెద్ద చెరువుకూ సముద్రమనే పేరు. బస్సు బోర్డు మీద రాసి ఉండే సముద్రాలు తప్ప మరో సముద్రం మాకు తెలియదు. అవ్వ కూడా అదే అనుకుంది. మదనపల్లె నుంచి బస్సెక్కితే మధ్యాహ్నానికి పోయి రావచ్చు గదా, పిల్లను దగ్గరే ఇచ్చినామని సంతోషపడింది. పెళ్లయ్యాక మనవరాలు నెలల తరబడి పుట్టింటికి రాకపోయేసరికి అల్లుడి మీద కోపం పెంచుకుంది. ఒకసారి అతను వచ్చినప్పుడు నిలదీసింది.

"ఏమప్పా, తిప్పసముద్రం నుంచి ఈడికి రావడానికి నీకు తీరికే లేదా? ఆ చెరువులో ఎన్ని సేపలుండాయని?"

నేను గొంతు సవరించుకున్నాను. సముద్రానికీ చెరువుకూ తేడా, భూగోళంలో నీటి వాటా, అన్నీ వివరంగా చెప్పడానికి సిద్ధమయ్యాను. ఆ ఇంట్లో అటువంటి పనులు నావే. గ్రహణం ఎందుకు పడుతుందో, టీవీలో బొమ్మ ఎలా వస్తుందో మా మామకు చెప్పింది నేనే. పాత పేపర్ల అంగడికి తూకానికి వచ్చిన పుస్తకాలు ఏరి తెచ్చుకుని, డిక్షనరీ పక్కన పెట్టుకుని, ఇంగ్లీషు కూడా నాకు నేనే నేర్చుకున్నవాణ్ణి. అతను నాకంటే ముందే నవ్వాడు.

"అది దీనికంటే రవంత పెద్దదవ్వా. అవతలి గట్టు కనపడదు" అన్నాడు.

"గట్టు కనపడకుంటే యాల ఉండావు అప్పా ఆడ? వచ్చెయ్" అంది అవ్వ.

ఇల్లంతా గొల్లుమంది. నేను కూడా నవ్వాను, మర్యాదకు సరిపోయేంత. నాకు కడుపులో మండింది ఇక్కడే. నేను ఆ ఇంట్లో పుస్తకాల తెలుగు మాట్లాడేవాణ్ణి, తెలివైనవాడంటే అలా మాట్లాడాలని. అతను అంత చదివి, అంత తిరిగి, నోరు తెరిస్తే గుడుపల్లె మాటే. అందుకే అందరూ అతని మీద పడి నవ్వుతూ వినేవాళ్లు. నేను చెప్పేది తలలూపుతూ వినేవాళ్లు. తలూపడానికీ వినడానికీ తేడా నాకు ఆ ఏడాదే తెలిసింది.

ఒకసారి పెద్ద సొర పక్కన నిలబడి ఉన్న అతని ఫోటో పేపర్లో వచ్చింది. మా అత్త దాన్ని కత్తిరించి దేవుని గూట్లో, పటాల పక్కనే అంటించింది. దేవుళ్ల మధ్య చచ్చిన చేప ఏమిటని నేను అడిగాను.

"మచ్చావతారం గదప్పా, ఉండనీలే" అంది అవ్వ.

అప్పటి నుంచి నేనూ చేపలు చదవడం మొదలుపెట్టాను. అతన్ని ఒక్కసారి, ఒకే ఒక్కసారి అందరి ముందు ఇరుకున పెట్టాలని. ఇంగ్లీషు పుస్తకాలు రెండు దొరికాయి, ఒకదానికి అట్ట లేదు. సముద్రపు చేప నీళ్లు తాగుతుంది, మంచినీటి చేప దాదాపు తాగదు. ఇది పట్టుకుని, మరుసటిసారి పుంగనూరులో కలిసినప్పుడు, "తమ్ముడూ, ఎందుకంటావు?" అని అడిగాను. అతను లేచి కూర్చున్నాడు. "భలే అడిగినావన్నా!" అని, ఉప్పు నీళ్లలో ఉన్నదాని ఒంట్లోంచి నీళ్లు ఎలా పోతుంటాయో, అది తాగి ఉప్పును ఎలా బయటికి తోస్తుందో, పండగ వచ్చినట్టు చెప్పాడు. నేను వేసిన గాలంతో అతను ఊయల ఊగాడు.

ఇంకోసారి అడిగాను, చేపకు నొప్పి తెలుస్తుందా అని.

"తెల్దన్నా. ఎవరికీ సరిగ్గా తెల్దు" అన్నాడు.

దొరికాడనుకున్నాను. మా అత్త పక్కింటామెతో ఏమందో వినండి: "సూడక్కా, అంత సదువు సదివి కూడా తెల్దంటాడు. ఎంత అణకువ!"

అదే 'తెలియదు' నేను అంటే? "పాపం, బడికి పోలేదు గదా" అనేవాళ్లు. అందుకే నేను ఆ మాట జన్మలో అనలేదు. తెలియదని చెప్పడానికి కూడా డిగ్రీ కావాలి ఈ లోకంలో. ఈ అన్యాయం గురించి ఏ పుస్తకంలోనూ రాయలేదు.

ఇదంతా నేను ఓర్చుకున్నాను. కందనకాయ, ఫోటో, అవ్వ నవ్వులు, అన్నీ. ఓర్చుకోలేనిది మా పాప సంగతి.

నాకు ఒక్కతే కూతురు. దాన్ని బడిలో చదివించింది పంతుళ్లే అయినా, చదువు చెప్పింది నేను. అంగడిలో రాగి తీగ చుడుతుంటే పక్కన స్టూలు మీద కూర్చుని అడిగేది: తీగకు ఆ పూత ఎందుకు, మోటారు ఎందుకు తిరుగుతుంది, ఉరుము తర్వాత ఎందుకు వినిపిస్తుంది. నేను చెప్పింది దానికి వేదం. లోకంలో ఒక్క మనిషికైనా నేను చెప్పిందే ఆఖరి మాట అన్న ధైర్యంతో ఆ రోజుల్లో నేను తలెత్తుకుని తిరిగాను.

ఒక వేసవిలో షడ్డకుడు దానికొక బహుమతి తెచ్చాడు. గొరక చేప తలలో ఉండే రాయి. చెవిరాయి అంటారట. చింతగింజ కన్నా చిన్నది, పాలరాయిలా తెల్లనిది. దాన్ని అడ్డంగా కోసి భూతద్దంలో చూస్తే వలయాలు కనిపిస్తాయి, అవి లెక్కపెట్టి చేప వయసు చెబుతారు. మా పాప ఆ రాయిని బొట్టుబిళ్లల డబ్బాలో పెట్టుకుని ఊరంతా చూపించింది. ఆ రాత్రి నన్ను అడిగింది.

"నాన్నా, వలయాలు యాల వస్తాయి?"

"చెట్టు మానులో వచ్చినట్టేనమ్మా. చలికాలం ఎదుగుదల తగ్గుతుంది, గీత పడుతుంది" అని చెప్పాను. చెప్పిన తీరుకు నాకే ముచ్చటేసింది.

మరుసటి రోజు పొద్దున పుంగనూరు ఇంటి అరుగు మీద అది అతని ఒళ్లో కూర్చుని, అదే ప్రశ్న అతన్ని అడుగుతోంది. నేను చెప్పిన జవాబు కూడా చెప్పి, "కరెక్టేనా సిన్నాయనా?" అంటోంది.

నేను చెప్పింది కరెక్టో కాదో చూసుకుంటోంది! పాలు కల్తీయో కాదో వేలు ముంచి చూసినట్టు.

అతను నన్ను గమనించాడు. కొంచెం తడబడ్డాడు. "మీ నాయిన సెప్పింది సలి దేశాల సేపలకు సరిగ్గా సరిపోతాదమ్మా" అన్నాడు. "మన సముద్రంలో అంత సలి యాడుండాది? ఈడ వానకాలం, తిండి, గుడ్లు పెట్టే కాలం, వీటిని బట్టి పడతాయి. కొన్నిట్లో సరిగ్గా పడనే పడవు."

నా పరువు కాపాడాలని అన్న మాట అది. పరువు కాపాడేవాణ్ణి మించిన శత్రువు ఉండడు. మా పాప నా వైపు చూసి నవ్వింది, పర్వాలేదులే నాన్నా అన్నట్టు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఆ తర్వాత ప్రశ్నలు రెండు రకాలయ్యాయి. చిన్నవి నాకు, పెద్దవి దాచిపెట్టి చిన్నాయనకు. ఇంటర్ మదనపల్లెలో చదివి, డిగ్రీకి కుప్పం పోతానంది. కుప్పమే ఎందుకంటే కాలేజీ మంచిదంది. గుడుపల్లె పక్కనే ఉందన్న సంగతి చెప్పలేదు. అతను సెలవు పెట్టి ఊరికి వస్తే ఇది హాస్టలు నుంచి అక్కడ ప్రత్యక్షం. ఇద్దరూ చెరువు గట్ల వెంట తిరిగి, పరక చేపలు పట్టి సీసాల్లో వేసి, కుళ్లకుండా మందు పోసి చీటీలు అంటించేవాళ్లు. సెలవులకు ఇంటికి వస్తే బ్యాగులోంచి ఆ కంపు. మా ఆవిడ ముక్కు మూసుకుని తిట్టేది గానీ, నాకు ఆ కంపు కన్నా ఆ చీటీల మీద ఉన్న అతని చేతిరాత ఎక్కువ బాధపెట్టేది.

డిగ్రీ అయ్యాక బాంబు వేసింది. కోస్తాకు పోయి సముద్ర జీవశాస్త్రంలో ఎమ్మెస్సీ చదువుతుందట. సీటు కూడా వచ్చింది. ఉండడం చిన్నాయన ఇంట్లో.

వద్దన్నాను. ఆడపిల్లకు పై చదువెందుకని అనేవాణ్ణి కాను నేను, ఆ మాట ఎవడైనా అంటే కొట్టేవాణ్ణి. ఫిజిక్స్ చదువు, తిరుపతిలో చదువు, బెంగుళూరులో చదువు అన్నాను. చేపలు మాత్రం వద్దు. ఎందుకని అడిగితే కారణాలు చెప్పాను. అన్నీ మంచి కారణాలే. మా ఆవిడ కొత్తిమీర తుంచుతూ అన్నీ విని, "నీ కుళ్ళుకు యా పేరైనా పెట్టుకో, అది కుళ్ళే" అంది. పాప రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు పుంగనూరులో పంచాయితీ. షడ్డకుడు కోస్తా నుంచి రైలెక్కి వచ్చాడు.

మళ్లీ ఆకులు వేశారు, మళ్లీ సంగటి. మా మామ మధ్యలో, మేమిద్దరం చెరోపక్క. పాప గడప మీద కూర్చుంది, మొహం వాచి ఉంది. దాని రెండేళ్లు, ఆ తర్వాత దాని బతుకు ఆ పూట ఆ పంక్తిలో తేలిపోవాలి. అతను బతిమాలుతాడని నాకు తెలుసు. బతిమాలితే ఏమనాలో బస్సులో వల్లెవేసుకుంటూ వచ్చాను.

"ఏం తమ్ముడూ, నీ అభిప్రాయం చెప్పు" అన్నాను.

"వద్దన్నా. పంపొద్దు" అన్నాడు.

బస్సులో వల్లెవేసిన మాటల్లో ఒక్కటీ దీనికి పనికిరాలేదు.

"దాంట్లో ఏముండాదన్నా? తెల్లారకముందే రేవుకు పోవల్ల. ఆ కంపులో నిలబడల్ల. ఓడెక్కితే కడుపులో ఉండేదంతా బయటికొస్తాది. ఉజ్జోగాలు సూస్తే గుప్పెడు, అడిగేవాళ్లు గంపెడు. పాప తట్టుకోలేదు. బీఎడ్ సేయించు. ఈడే యాడన్నా టీచరుగా ఉంటాది."

"నువ్వు తట్టుకున్నావు గదా?"

"నా మాట వేరే గదన్నా. నేను మొగోణ్ణి. పైగా దానికి అంత లోతు సదువు పడతాదో పడదో."

పడుతుందో పడదో! నేను నేర్పిన పిల్లకు!

ఇక నా పుస్తకాల తెలుగు ఏమైపోయిందో నాకే తెలియదు. ఎంగిలి చేత్తోనే లేచి నిలబడ్డాను.

"ఏమప్పా, రాగి సేన్లో కలుపు తీసినోడివి నువ్వు ఓడెక్కొచ్చు, నా కూతురు ఎక్కగూడదా? నువ్వు తినేదీ సంగటే, అది తినేదీ సంగటే. కాయిలు సుట్టేవాని కూతురనే గదా నీ ధైర్యం? లోతంట, లోతు! నువ్వు తెల్దు తెల్దని తప్పించుకునేవన్నీ అది తెలుసుకుని సెప్తాది. నీ కుర్చీలో కూర్చుంటాది. సూస్తా ఉండు!"

"కూర్చో నాయినా, పులుసు సల్లారిపోతాది" అంది మా అత్త.

"అయితే పంపిస్తావా నాన్నా?" అంది గడప మీది నుంచి పాప.

"పంపక? ఈయప్పను అడిగి పంపల్లనా నిన్ను? రేపే పంపిస్తా!"

షడ్డకుడు తలవంచుకుని సంగటిలో గుంట చేస్తున్నాడు. చాలా శ్రద్ధగా చేస్తున్నాడు. అంత శ్రద్ధ ఏ గుంటకూ అక్కర్లేదు. "పెద్దోడివి, నీ మాట కాదంటామా అన్నా" అని మెల్లగా అన్నాడు, తలెత్తకుండానే.

మదనపల్లెకు తిరిగి వస్తుంటే బస్సులో మా ఆవిడ తనలో తాను నవ్వుకుంటోంది.

"ఏం?" అన్నాను.

"ఏం లేదు. ఆయప్పకు సేపలే గాదు, మనుషులూ బాగా తెలుసు అనుకుంటాండా. కిటికీ మూయి, దుమ్ము వస్తాండాది."

ఆ మాటను నేను ఎన్నోసార్లు తిరగేసి చూశాను. అతను నిజంగానే వద్దని ఉంటే, నా కూతుర్ని నలుగురిలో కించపరిచాడు. నన్ను రెచ్చగొట్టడానికే అని ఉంటే, నన్ను పిచ్చివాణ్ణి చేశాడు. ఎటు చూసినా నేరం అతనిదే. నేను ఇంతవరకూ అడగలేదు. అడిగితే నిజం చెబుతాడేమోనని భయం.

పాప పోయింది. మొదటి సెలవులకు వచ్చినప్పుడు నల్లబడి, చిక్కి, కళ్లు మాత్రం పెద్దవి చేసుకుని వచ్చింది. వాళ్లమ్మ అన్నం పెడతానంటే కూడా వినక నేరుగా అంగడికి వచ్చింది. నిమ్మనపల్లె రైతు ఒకాయన తన మోటారు కోసం బల్ల మీద కూర్చుని ఉన్నాడు. పాప స్టూలు లాక్కుని, సుద్దముక్క తీసుకుని, కింద గచ్చు మీద ఒక బొమ్మ వేసింది. విసనకర్రలా వెడల్పుగా, తోకతో.

"ఇది టేకు సేప నాన్నా. ఇసకలో దాక్కున్న పీతలను కళ్లతో సూడకుండానే పట్టుకుంటాది. బతికుండే ప్రతిదాని ఒంట్లోనూ రవంత కరెంటు ఉంటాది గదా, అది దీనికి తెలుస్తాది. మూతి కింద సన్న సన్న రంధ్రాలుంటాయి, సూడు, ఇట్ల. నీ జేబులో టెస్టరు ఉండాదే, అట్లాంటివి దాని మూతినిండా ఉంటాయి. ఓడ మీద మా సార్లు ఇంగ్లీషులో గంట సేపు సెప్పినారు. నాకు నీ టెస్టరు గుర్తుకొచ్చి ఒక్క నిమిషంలో తెలిసిపోయింది. అర్థమైందా?"

కరెంటు గురించి నాకు అర్థం కాకపోవడమేమిటి? అది నోరు తెరిచేలోపే అర్థమైంది.

"కాలేదు" అన్నాను.

పాప చేత్తో బొమ్మను తుడిచి, మళ్లీ గీయడం మొదలుపెట్టింది. ఈసారి రంధ్రాలు పెద్దవిగా వేసింది, పీతకు కాళ్లు కూడా పెట్టింది. జుట్టు మొహం మీద పడుతుంటే మోచేత్తో తోసుకుంటోంది.

"నాకే అర్థమైపాయ గదప్పా, నీకు యాల కాలేదు?" అన్నాడు రైతు.

"నువ్వు ఊరికుండప్పా. నీ మోటారు సాయంత్రానికి గానీ కాదు" అన్నాను. పాప రెండోసారి చెప్పడం పూర్తి చేసింది.

"మీ చిన్నాయన కూడా ఇట్లా రెండుసార్లు చెప్పించుకుంటాడా?" అని అడిగాను.

"లేదు. ఆయనకు ఒక్కసారి సెప్తే సాలు."

"అట్లనా" అన్నాను. "అయితే నాకు మళ్లీ మొదటి నుంచి చెప్పు."